అందరూ దాక్కున్న దీవి

ఇమబారి
అక్టోబరు 4

ప్రియమైన కినుయెకి,

ఎండ తగ్గింది, చీకటి పడితే కీచురాళ్ల పాట మొదలవుతోంది. ఉత్తరం మొదట్లో ఋతువు గురించి రాయాలని హాస్టల్లో మనకి నేర్పిన పంతులమ్మ మీద గౌరవం కొద్దీ ఈ ముక్క రాశాను. ఇక అసలు సంగతి. ఫోను చేద్దామంటే నీకు కుడి చెవి వినపడదు, ఎడమ చెవితో నువ్వు వినిపించుకోవు. అందుకే ఉత్తరం.

మా అమ్మాయి అయానో వరస నీకు తెలిసిందే. దాని కూతురు సుమిరెకి నాలుగున్నరేళ్లు వచ్చాయి. ఇప్పటికీ ఆ పిల్ల మెట్లు దిగుతుంటే ముందొక చెయ్యి, వెనకొక చెయ్యి అడ్డం పెట్టి తల్లి కూడా దిగుతుంది. బాలబడిలో వేయవే అంటే ఇంకా చిన్నపిల్ల అంటుంది. మందుల షాపు వాళ్లు ఇన్నాళ్లూ దాని ఉద్యోగం అట్టేపెట్టారు. డిసెంబరు ఒకటికల్లా చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామని మొన్న మర్యాదగా చెప్పారు. ఆ ఉద్యోగమంటే దానికి ప్రాణం. ఎవరింటికి వెళ్లినా మందుల సీసా కనబడితే దాని మీద రాసింది చదవకుండా వదలదు. నేను చూసుకుంటానుగా, వెళ్లి చేరు అన్నాను. "నువ్వు చూసుకుంటావమ్మా. కానీ దానికి బడి కావాలి, దాన్ని వదిలే ధైర్యం నాకు కావాలి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

నాకొక ఆలోచన వచ్చింది. ఈ నెల ఆఖరు ఆదివారం అయానో, అల్లుడు యోసుకె, పిల్ల, ముగ్గురూ మీ ఉకినె దీవికి పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లేలా ప్రయాణం పెట్టించాను. పిల్లల్ని మొదటిసారి ఒంటరిగా కొట్టుకి పంపడం మన ఇళ్లల్లో ఉన్నదే కదా. ఇక్కడైతే పెద్ద రోడ్డు దాటాలి. అక్కడ కార్లు లేవు. ఒడ్డున అన్నం ఉండలు తినబోయే ముందు యోసుకె సోయా సాస్ తేవడం మర్చిపోయానంటాడు. సుమిరె ఒక్కతే నీ కొట్టుకి వచ్చి కొనుక్కెళుతుంది. తల్లి ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు, భయం వదులుతుంది. నువ్వు చేయాల్సిందల్లా కొట్టు తెరిచి ఉంచడం, ఎవరికీ చెప్పకపోవడం.

నేను రావడం లేదు. మోకాలు నొప్పి. పైగా పిల్లల్ని వదలడం పెద్దవాళ్లు నేర్చుకోవాలి. అయానోకి ఇదే మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. సుమిరె ఇప్పుడు నా ఒళ్లోనే కూర్చుని చేప తింటోంది. ముళ్లు తీసి పెడుతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

ఉత్త చేతులతో సాయం అడగకూడదని మా బియ్యం కొట్టు తువ్వాలు ఒకటి పంపుతున్నాను. ఆయన పోయి, కొట్టు మూసేసినా, కొత్త సంవత్సరానికి కొనేవాళ్లకి పంచుదామని అచ్చు వేయించినవి ఇంకా రెండు పెట్టెలున్నాయి.

నీ
సుజుయో


ఉకినె దీవి
అక్టోబరు 11

సుజుయో,

ఇక్కడ కీచురాళ్లు లేవు, అడవి పందులు ఉన్నాయి. ఋతువు గురించి ఇంతే.

తువ్వాలు అందింది. కొట్టు పేరు, ఫోను నంబరు అంత పెద్ద ఎర్రక్షరాల్లో ఎందుకు వేయించారే? ముఖం తుడుచుకుంటే నంబరు బుగ్గకి అంటుకుంటుందేమోనని భయంగా ఉంది.

నువ్వు చెప్పినట్టే ఎవరికీ చెప్పలేదు. ఓడ నడిపే గెంజోకి మాత్రం చెప్పాను, ఎందుకంటే వాళ్లని దింపేది అతనే. గెంజో వాళ్ల ఆవిడకి మాత్రమే చెప్పాడట. మూడో రోజు ఊరి సమావేశం పెట్టారు. వరద వచ్చినప్పుడు కూడా ఇంతమంది రాలేదు. చిన్నపిల్ల కాలు ఈ దీవి మీద పడి ఏళ్లయిందే మరి, వీళ్ల తప్పు కూడా కాదు. పిల్ల నడిచే దారిలో ఎవరు ఎక్కడ దాక్కుని కాపు కాయాలో పంచుకోవడానికి చీకటి పడేదాకా కూర్చున్నారు. దారిలో కూల్‌డ్రింకులు అమ్మే మెషిన్ వెనక చోటు కోసం గెంజోకీ పోస్టాయనకీ మాటామాటా పెరిగింది. తొంభై దాటిన తోమె గారు, నన్ను ఎక్కడ దాచినా ఫరవాలేదు గానీ కుర్చీ వేయండి అంది.

రెండుసార్లు రిహార్సల్ కూడా అయింది. పిల్ల లేదు కనుక నన్ను నడిపించారు. నాకు వినపడదని అందరూ పొదల్లోంచి గట్టిగా మాట్లాడుకున్నారు.

నువ్వు కూడా రావచ్చు కదా? నీ మోకాలు కిందటి నెల సంతలో బాగానే ఉందని విన్నానే.

కినుయె


ఇమబారి
అక్టోబరు 15

కినుయే,

ఎవరికీ చెప్పొద్దని రాస్తే ఊరంతా సమావేశం పెడతారా? అయానోకి అనుమానం వచ్చిందంటే ఇక ఈ జన్మలో పిల్లని బయటికి పంపదు. దాని ఉద్యోగం పోయినట్టే. నీకిది తమాషాగా ఉందేమో, నాకు కాదు.

సరే, అయిందేదో అయింది. రేవు నుంచి నీ కొట్టుకి వచ్చే దారిలో బావి ఉండేది, దాని మీద మూత ఉందా? తోమె గారి కుక్కని కట్టేస్తారా? నారింజ తోటల పక్కన రాతిగోడ ఒకచోట కూలి ఉండేది, కట్టారా? పాములు ఇంకా చలికాలం నిద్రకి పోలేదేమో, దారి ఒకసారి కర్రతో తట్టించు. పిల్ల చెప్పులు జారతాయి, బూట్లు వేయమని యోసుకెకి చెప్పాను. బూటు తాడు ఊడితే ఏం చేస్తుందో ఆలోచించలేదు. దానికి ముడి వేయడం రాదు, నేనే వేస్తాను. నీ కొట్లో సోయా సాస్ గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో ఉందా? ఎదురు దిశలో గాలి వీస్తే ఏం చేస్తారు?

నేను మాత్రం రాను. మోకాలికి సంత వేరు, ఓడ వేరు. ఆ రోజంతా ఇంట్లోనే ఉండి టీవీ చూస్తాను. ఎవరో ఒకరు ధైర్యంగా ఉండాలి.

సుజుయో


ఉకినె దీవి
అక్టోబరు 30

సుజుయో,

బావి మీద మూత ఉంది. కుక్క పోయి మూడేళ్లయింది. గాలి ఏ దిశలో వీచిందో నేను చూడలేదు. నీ మనవరాలు బంగారం. ఈ నాలుగు మాటలూ ముందే రాస్తే గానీ మిగతాది నువ్వు కూర్చుని చదవవు.

ఒడ్డున జరిగింది యోసుకె తర్వాత చెప్పాడు. సోయా సాస్ మర్చిపోయానని ఎంత సహజంగా అన్నాడంటే, మూడుసార్లు అన్నాడట. పాపం ఆ అబ్బాయికి అబద్ధం ఆడటం రాదు. అయానో, సోయా లేకుండానే తిందాం అంది. అప్పుడు పిల్లే లేచి నిలబడి నేను తెస్తానంది. తల్లి మొహంలో నెత్తురు లేదట. నేనూ వెనకాలే వెళతానని లేచింది. యోసుకె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మెడలో డబ్బుల సంచీ వేసి పంపారు. దారి మలుపు తిరిగాక తల్లి కళ్లు మూసుకుని కూర్చుంది.

ఇటు సంగతి చెబుతాను. మనం ఒకటి మర్చిపోయామే. నాలుగున్నరేళ్ల పిల్లకి మనుషులు పొదల్లో దాక్కుని కనిపిస్తే ఏమనుకుంటుంది? ఆట అనుకుంటుంది. మెషిన్ వెనక గెంజో టోపీ చూసి "దొరికావ్!" అంది. అతను కదలకపోతే వెళ్లి చొక్కా పట్టుకుని లాగింది. ఆట నియమం ప్రకారం దొరికినవాడు వెంట రావాలట. వచ్చాడు. గుమ్మడి పాదులో బోర్లా పడుకున్న పోస్టాయన దొరికాడు. రాతిగోడ వెనక నలుగురు దొరికారు. తోమె గారు కుర్చీలో కునుకు తీస్తుంటే మోకాలు తట్టి లేపి, నువ్వు సరిగ్గా దాక్కోలేదు అని కోప్పడింది. ఇన్నేళ్లలో తనని ఎవరూ కోప్పడలేదని తోమె గారు ఇప్పటికీ మురిసిపోతోంది.

నా కొట్టుకి వచ్చేసరికి వెనక ఊరేగింపు. సుమిరె సంచీలోంచి నాణేలు తీసి బల్ల మీద పెట్టి సోయా సాస్ ఒకటి ఇవ్వండి అని చక్కగా అడిగింది. నేను సీసా తీసేలోపు కిటికీలోంచి ఏం చూసిందో, బయటికి పరుగెత్తింది. కొట్టు వెనక సముద్రపు నాచు ఎండబెట్టే పాక ఉంది కదా, దాని చాటున ఒక ముసలావిడ. కళ్లు తప్ప మొహమంతా తువ్వాలు చుట్టుకుంది. పిల్ల ఆవిడ నడుము చుట్టూ చేతులేసి "అమ్మమ్మ దొరికింది" అంది. ఆవిడ ఒక్కసారి పిల్ల తల నిమిరి, విదిలించుకుని, కొండ దారి పట్టి పారిపోయింది. ఆ వయసులో అంత వేగంగా పరుగెత్తిన మనిషిని నేను చూడలేదు. మా దీవి మనిషి కాదు. పిల్లలకి ఊహలెక్కువ, నువ్వు ఇంట్లో టీవీ చూస్తున్నావని దానికేం తెలుసు.

సోయా సీసా బల్ల మీదే ఉండిపోయింది. ఊరినంతా వెంటేసుకుని పిల్ల తల్లి దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లాను. తల్లి కళ్లు తెరిచేసరికి ఎదురుగా కూతురు, దాని వెనక వరసగా ఇంతమంది ముసలాళ్లు, ఒంటి నిండా ఆకులతో. అయానోకి అంతా అర్థమైపోయింది. తిడుతుందేమోనని మేమందరం తలలు వంచుకుని నిలబడ్డాం. అది మమ్మల్ని చూడనే లేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కదానివే వెళ్లావు, భయం వేయలేదా అని పిల్లని అడిగింది.

సుమిరె ఏమందో తెలుసా? "నాకెందుకు భయం? వాళ్లందరికీ భయం వేసి దాక్కున్నారు. నేనే వెళ్లి తీసుకొచ్చా."

అయానో నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆపలేదు. ఏడుస్తోందేమోనని గెంజో మంచినీళ్లు తెచ్చాడు. సాయంత్రం ఓడెక్కుతూ నా చెవి దగ్గర, ఎడమ చెవి దగ్గరే, ఒక మాట చెప్పింది. "పిన్నీ, రేపే బాలబడికి వెళ్లి పేరు రాయిస్తాను."

కినుయె


ఇమబారి
నవంబరు 20

ప్రియమైన కినుయెకి,

ఇక్కడ చలి మొదలైంది. ముల్లంగి చవకగా దొరుకుతోంది.

అయానో మాట నిలబెట్టుకుంది. చోటు ఖాళీ ఉందని ఈ నెల మొదట్లోనే సుమిరెని చేర్చుకున్నారు. పిల్ల పసుపు టోపీ పెట్టుకుని వెళుతోంది. అయానో వచ్చే నెల ఒకటిన ఉద్యోగంలో చేరుతుంది. నా పథకం ఇంత బాగా పారుతుందని నేనే అనుకోలేదు. యోసుకె నాకు దండం పెట్టాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. నేనూ సంతోషంగానే ఉన్నాను.

ఆ పాక చాటు ముసలావిడ గురించి రాశావు. పిల్లలు ఏ తువ్వాలు చూసినా అమ్మమ్మ అనుకుంటారు. నేను ఆ రోజంతా ఇంట్లోనే ఉన్నాను. మోకాలికి వేడి కాపడం పెట్టుకుని వంటల కార్యక్రమం చూశాను, వంకాయ చేశారు. ఎవరికైనా అనుమానం ఉంటే ఈ సంగతి చెప్పు. గెంజో ప్యాంటు వెనక అంత పొడుగున చిరిగింది కదా, కుట్టించుకున్నాడా? పాపం, ఆ చిరుగుతోనే ఊరేగింపులో నడిచాడు.

ఇల్లు చక్కగా ఉంది. అల్మరాలన్నీ సర్దాను. మర్నాడు మళ్లీ సర్దాను. పదింటికే పనులన్నీ అయిపోతున్నాయి. ముల్లంగి కోసం రోజూ బాలబడి వైపు వెళుతుంటాను, ఆ దారిలో బాగుంటుంది. నిన్న కంచెలోంచి చూస్తే సుమిరె ఇసుకలో ఆడుకుంటూ కనబడింది. బూటు తాడు తనే కట్టుకుంది. ముడి సరిగ్గా లేదు.

చేప వండుకున్నాను. ముళ్లు తీసి గిన్నెలో పెట్టాక తెలిసింది, తినేదాన్ని నేనొక్కదాన్నేనని.

సుజుయో


ఉకినె దీవి
నవంబరు 27

సుజుయో,

ఈ పొట్లంలో ఒక తువ్వాలు పంపుతున్నాను. ఉతికి ఇస్త్రీ చేశాను. కొండ దారిలో ముళ్లకంపకి తగులుకుని దొరికింది. ఎర్రక్షరాల్లో "హరాదా బియ్యం కొట్టు, ఇమబారి" అని, కింద ఫోను నంబరు. నువ్వు నాకు పంపింది నా దగ్గరే ఉంది కాబట్టి ఇది ఇంకొకటి. ప్రపంచంలో ఎవరైనా మారువేషం వేసేటప్పుడు మొహానికి ఇంటి చిరునామా చుట్టుకుంటారా? నువ్వు తప్ప?

గెంజో ప్యాంటు చిరిగిన సంగతి నేను రాయలేదే. రాయొద్దని బతిమాలాడు కూడా.

ఇంకా విను. ఆ రోజు మొదటి ఓడలో నువ్వెక్కినప్పుడే గెంజో గుర్తుపట్టాడు. నువ్వు దిగేలోపు ఊరందరికీ తెలిసింది. పాక చాటున తిరగేసిన బుట్ట, దాని మీద దిండు, పక్కన ఫ్లాస్కులో వేడి టీ ఉన్నాయి కదా? అవి వాటంతటవే వచ్చాయనుకున్నావా? నువ్వు అక్కడే దాక్కుంటావని మాకు తెలుసు, చిన్నప్పుడు హాస్టల్ నుంచి మా ఇంటికి వచ్చినా అక్కడే దాక్కునేదానివి. నీ వైపు చూడకూడదని అందరం ఒట్టు పెట్టుకున్నాం. పిల్లకి చెప్పడం మర్చిపోయాం.

ఇన్నాళ్లూ నవ్వుకున్నాను. నీ కిందటి ఉత్తరం చదివాక నవ్వు రాలేదు. ముల్లంగి తిని ఎవరూ బతకరే. రోజూ ఆ కంచె దగ్గర ఎంతసేపు నిలబడుతున్నావు?

కినుయె


ఇమబారి
డిసెంబరు 6

కినుయే,

టీ బాగుంది. చక్కెర తక్కువైంది.

కంచె దగ్గర నిలబడుతున్నానన్నది నిజమే. మొన్న బాలబడి టీచరు చూసి, చలిగా ఉంది లోపలికి రండి అంది. చిన్నమ్మాయి, పాతికేళ్లుంటాయి. దారి తప్పిన ముసల్దానితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడింది. నేను ముల్లంగి చూపించాను.

నాకు ఆ పిల్ల లేకపోతే తోచడం లేదు. చెప్పేశాను. అయానోకి ధైర్యం రావాలని నేను చేయని ప్రయత్నం లేదు, వచ్చింది. మొన్న ఉద్యోగంలో చేరింది, మొహం వెలిగిపోతోంది. ఇన్నేళ్లూ అది పిల్లని వదలకపోవడం వల్లే నాకు వాళ్లింట్లో చోటుందని, అది వదిలితే నన్నూ వదిలినట్టేనని నాకు తట్టలేదు. మొదటి రోజు బడి గుమ్మం దాకా నేనే తీసుకెళ్లాను. నా చెయ్యి వదిలి లోపలికి పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూస్తుందని చాలాసేపు నిలబడ్డాను. చూడలేదు. చూడకూడదనే కదా ఇదంతా చేశాం. కానీ అప్పటి నుంచి ఈ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదే.

ఈ సంగతి అయానోకి తెలియకూడదు. తెలిస్తే మర్నాడే ఉద్యోగం మానేస్తుంది. నా కూతురే కదా.

సుజుయో


ఉకినె దీవి
డిసెంబరు 12

సుజుయో,

అయానోకి చెప్పను. ఈసారి నిజంగానే, గెంజోకి కూడా.

ఒక పని ఉంది. ఆ రోజు నీ మనవరాలు డబ్బిచ్చి సరుకు మర్చిపోయింది. ఆ సీసా నా బల్ల మీద అలాగే ఉంది. కదిలిస్తే తోమె గారు ఒప్పుకోవడం లేదు, పిల్ల వస్తువట. నువ్వొచ్చి పట్టుకెళ్లు. శనివారం తొమ్మిదింటి ఓడ. ఒక్కదానివే రావాలి. మొహం తెరుచుకుని రావాలి. నారింజలు కోతకొచ్చాయి, ఇక్కడందరివీ నడుములు పోయాయి, కింది కొమ్మలు కోసేవాళ్లు లేరు. శనివారం శనివారం నువ్వొస్తే నీ చేతులకి పని, మాకు సాయం. మధ్యాహ్నం చేప వండుతాను. ముళ్లు ఎవరివి వాళ్లే తీసుకోవాలి.

దారిలో ఎవరూ దాక్కోరని మాత్రం మాట ఇవ్వలేను. మెషిన్ వెనక టోపీ కనిపిస్తే చూడనట్టు వచ్చెయ్. నీ కోసం మేం చూడనట్టు నటించలేదూ?

కినుయె


ఇమబారి
డిసెంబరు 16

కినుయే,

కార్డు మీద చోటు లేదు, ఋతువు వదిలేస్తున్నాను.

శనివారం వస్తున్నాను. అమ్మమ్మ ఒక్కతే ఓడెక్కి సోయా సాస్ తేవడానికి వెళుతోందని సుమిరెకి చెప్పాను. చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత లోపలికి వెళ్లి తన డబ్బుల సంచీ తెచ్చి నా మెడలో వేసింది. "భయం వేస్తే దాక్కో అమ్మమ్మా. నేనొచ్చి కనిపెడతా" అంది.

ఆ సంచీ వేసుకునే వస్తాను. నవ్వకండి.

సుజుయో